పాపం పండే కథల్లో భయమెక్కడ?

1989 జూన్ 10 రాత్రి అమెరికాలో హెచ్‌బీఓ ఛానెల్ ఒకదాని వెనక ఒకటి మూడు కథలు వేసింది. 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' అనే హారర్ సిరీస్ అలా మొదలైంది. మొదటి కథలో ముఖ్యపాత్ర ఒక తలారి. జైల్లో ఎలక్ట్రిక్ కుర్చీ స్విచ్ వేయడం అతని ఉద్యోగం. రాష్ట్రంలో మరణశిక్ష రద్దవడంతో ఆ ఉద్యోగం ఊడుతుంది. చేతికి అలవాటైన పని మానలేక, కోర్టుల్లో తప్పించుకున్న నేరస్థుల్ని తనే వెతికి పట్టుకుని కరెంటు పెట్టి చంపుతాడు. దొరికిపోతాడు. ఈలోగా మరణశిక్ష మళ్లీ వస్తుంది. చివరికి ఆ కుర్చీలో అతన్నే కూర్చోబెడతారు. రెండో కథలో క్రిస్మస్ ముందురోజు రాత్రి మొగుణ్ణి చంపిన ఒకావిడ ఇంటికి, పిచ్చాసుపత్రి నుంచి పారిపోయిన హంతకుడు శాంటా వేషంలో వస్తాడు. మూడో కథ ఒక దిమ్మరిది. పిల్లికి తొమ్మిది ప్రాణాలని అక్కడివాళ్ల నమ్మకం. ఒక సైంటిస్టు పిల్లి గ్రంథి తీసి అతనికి అమరుస్తాడు. ఇక సర్కస్‌లో టికెట్లు అమ్ముకుంటూ రకరకాలుగా చచ్చి బతుకుతాడు, దారిలో అడ్డొచ్చినవాళ్లని మోసం చేస్తాడు. ఆఖరి ఆట సజీవ సమాధి. శవపేటికలో పడుకున్నాక అప్పుడు గుర్తొస్తుంది, గ్రంథి ఇచ్చిన పిల్లి చచ్చినప్పుడే ఒక ప్రాణం ఖర్చయిపోయిందని. తనకి మిగిలిన ప్రాణాలు లేవు.

ముగ్గురి పాపమూ పండింది. నా అసంతృప్తి మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

1989 నుంచి 1996 వరకు ఏడు సీజన్లు, 93 ఎపిసోడ్లు నడిచిన సిరీస్ ఇది. హారర్ ఆంథాలజీ (ఏ ఎపిసోడ్‌కి ఆ కథే విడిగా ఉండే సిరీస్) అనగానే అమెరికన్లు తలుచుకునే మొదటి రెండు మూడు పేర్లలో ఇదొకటి. నేను డీవీడీ సెట్లు సంపాదించి, వరసగా చూసి, నచ్చినవి మళ్లీ చూశాను. తెరనిండా నెత్తురు, పురుగులు, కుళ్లిన శవాలు. ఐనా వీటిలో చాలా భాగం నన్ను భయపెట్టలేదు సరికదా, చూశాక హాయిగా నిద్ర పట్టింది. ఎందుకంటే చేసుకున్నవాడికి చేసుకున్నంత అనే మాటని ప్రతి వారం అరగంటలో రుజువు చేసి చూపించే సిరీస్ ఇది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగుతాడు. తాగే తీరు మాత్రం ఘోరంగా ఉంటుంది, అంతే. ఎవడు చస్తాడో మొదటి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది, వాడు చావాలని మనకీ ఉంటుంది. అలాంటప్పుడు మనం కడుపులో చల్ల కదలకుండా చూస్తాం. దాన్ని భయం అనను. ఊరట అంటాను.

మా బావమరిదికి ఈ వాదన అస్సలు నచ్చదు. "బావా, నీకు దయ్యం కావాలా, న్యాయం కావాలా? రెండూ ఇస్తుంటే ఏడుస్తావేంటి?" అంటాడు. దయ్యానికి న్యాయంతో పనేంట్రా అన్నది నా ప్రశ్న.

ఈ కథల పుట్టుక తెలిస్తే ఇందులోని తమాషా ఇంకా బాగా తెలుస్తుంది. ఇవి టీవీ కోసం పుట్టినవి కావు. 1950ల్లో న్యూయార్క్‌లో ఈసీ కామిక్స్ అనే చిన్న సంస్థ వేసిన బొమ్మల పుస్తకాల నుంచి వచ్చాయి. ఆ సంస్థ పెట్టిన మ్యాక్స్ గెయిన్స్ పిల్లలకి చదువు చెప్పే కామిక్స్ వేద్దామనుకున్నాడు. 1947లో పడవ ప్రమాదంలో ఆయన పోయాక కొడుకు విలియం గెయిన్స్ చేతికి వ్యాపారం వచ్చింది. కొడుకూ, ఎడిటర్ ఆల్ ఫెల్డ్‌స్టీనూ కలిసి దాన్ని హారర్ వైపు తిప్పారు. 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్', 'ది వాల్ట్ ఆఫ్ హారర్', 'ది హాంట్ ఆఫ్ ఫియర్'. మొగుణ్ణి ముక్కలు చేసిన పెళ్లాం, భాగస్వామిని పాతిపెట్టిన వ్యాపారి, ఆఖరి పేజీలో సమాధిలోంచి లేచొచ్చే శవం. పది సెంట్లకి పిల్లలు ఎగబడి కొనుక్కునేవాళ్లు.

1954 ఏప్రిల్ 21న బాల నేరాల మీద విచారణ చేస్తున్న సెనేట్ ఉపసంఘం ముందుకి గెయిన్స్ తనంతట తానే వెళ్లాడు. కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని పుస్తకం రాసిన మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థామ్ కూడా ఆ రోజే సాక్ష్యం చెప్పాడు. సెనేటర్ కెఫావర్ ఈసీ వాళ్లదే ఒక క్రైమ్ కామిక్ ముఖచిత్రం పైకెత్తి చూపించాడు. ఒకడి చేతిలో నెత్తురోడే గొడ్డలి, రెండో చేతిలో జుట్టు పట్టుకుని ఎత్తిన ఆడమనిషి తల. ఇది మంచి అభిరుచేనా అని అడిగితే, హారర్ కామిక్ ముఖచిత్రానికి మంచి అభిరుచే అన్నాడు గెయిన్స్. మరి చెడ్డదైతే ఎలా ఉంటుందంటే, ఆ తలని ఇంకొంచెం పైకెత్తి మెడ నుంచి నెత్తురు కారడం కనిపించేలా వేస్తే చెడ్డదయ్యేదని వివరించాడు. ఆ జవాబుతో కొంప మునిగింది. మర్నాడు పత్రికలు మొదటి పేజీలో వేశాయి.

ఆ ఏడాది చివర్లోగా ప్రచురణకర్తల్లో చాలామంది కలిసి 'కామిక్స్ కోడ్' అని తమకు తామే ఒక సెన్సారు పెట్టుకున్నారు. పత్రిక పేరులో 'హారర్', 'టెర్రర్' అన్న మాటలు ఉండకూడదు. నడిచే శవాలు, నెత్తురు తాగేవాళ్లు, తోడేలు మనుషులు ఉండకూడదు. ఇంతవరకు సరే. ఇంకో నిబంధన చూడండి: ప్రతి కథలోనూ మంచి చెడు మీద గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడాలి.

ఈసీ కామిక్స్ చేస్తున్నది అదే కదా! నేరస్థుడికి శిక్ష పడని కథ ఆ పత్రికల్లో వెతికినా దొరకడం కష్టం. శిక్ష వేసేది పోలీసు కాదు, చచ్చిన మనిషి, తేడా అక్కడే. ఆ కాలంలో అమెరికాలో అంత నీతిగా కథలు చెప్పిన పత్రికల్ని నీతి పేరుతోనే మూయించారు. గెయిన్స్ హారర్ పత్రికలన్నీ ఆపేశాడు. చేతిలో మిగిలిన హాస్య పత్రిక 'మ్యాడ్'తోనే తర్వాత బాగా బతికాడు, అది వేరే కథ.

ఈ కోడ్ నిజంగా దేనికి భయపడిందో తెలియాలంటే 'జడ్జిమెంట్ డే' అనే ఈసీ కథ చూడాలి. ఇది హారర్ కాదు, సైన్స్ ఫిక్షన్. భూమి నుంచి ఒక ఇన్‌స్పెక్టరు మరమనుషుల గ్రహానికి వెళ్తాడు. అక్కడ నారింజ రంగు వాటికో బతుకు, నీలం రంగు వాటికో బతుకు. మీకింకా మాతో కలిసే యోగ్యత రాలేదని చెప్పి వెనక్కి బయల్దేరతాడు. ఓడలో హెల్మెట్ తీస్తే నల్లజాతి మనిషి. కథ అంతే. 1956లో దాన్ని మళ్లీ వేయబోతే కోడ్ ఆఫీసు ఆ మనిషిని నల్లవాడిగా వేయకూడదంది. గెయిన్స్ ఒప్పుకోలేదు, గొడవపడి ఉన్నదున్నట్టే అచ్చు వేశాడు. ఆ కథలో ఒక్క నెత్తుటి చుక్క లేదు. ఎవరికీ శిక్ష పడలేదు. బస్సుల్లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ వేరు సీట్లున్న ఆ రోజుల్లో, చదివినవాడు ఏ ఊళ్లో, ఏ బస్సులో తనెక్కడ కూర్చుంటున్నాడో ఆలోచించుకోవాల్సి వస్తుంది. లెక్క తేలని కథకి ఉండే బలం అది. ఈసీ వాళ్లకి ఆ బలం తెలుసు.

టీవీకి వద్దాం. అమెరికన్ టీవీలో శిక్ష పడే కథలు కొత్తేం కాదు. 1955లో మొదలైన హిచ్‌కాక్ సిరీస్‌లో ఆయన చివర్లో తెర మీదకొచ్చి, హంతకుడు తర్వాత దొరికిపోయాడని ఏదో వంకతో చెప్పేవాడు. 'ల్యాంబ్ టు ది స్లాటర్' అనే ప్రసిద్ధ కథలో భార్య గడ్డకట్టిన గొర్రె తొడతో మొగుణ్ణి కొట్టి చంపి, దాన్ని వండి పోలీసులకే పెడుతుంది. ఆవిడ నవ్వుతో కథ అయిపోతుంది. వెంటనే హిచ్‌కాక్ వచ్చి, రెండో మొగుణ్ణి కూడా అలాగే చంపబోయి దొరికిపోయిందని, ఆ మొగుడు ఫ్రీజరు ప్లగ్గు పెట్టడం మర్చిపోవడంతో మాంసం మెత్తబడిపోయిందని చెప్తాడు. ఇది కంటితుడుపు అని ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు. ప్రకటనలిచ్చే సబ్బుల కంపెనీలు, కార్ల కంపెనీలు నొచ్చుకోకూడదు కాబట్టి అలా సర్దేవారు.

హెచ్‌బీఓకి ఆ ఇబ్బందే లేదు. చందా కట్టినవాళ్లే చూసే ఛానెల్, మధ్యలో ప్రకటనల్లేవు, సెన్సారు లేదు. నిర్మాతలు మామూలువాళ్లు కారు: జోయెల్ సిల్వర్, రిచర్డ్ డోనర్, వాల్టర్ హిల్, రాబర్ట్ జెమెకిస్, డేవిడ్ గైలర్. హాలీవుడ్‌లో వీళ్ల మాట చెల్లే కాలమది. కొద్ది రోజుల షూటింగే కాబట్టి పెద్ద పెద్ద తారలు సరదాగా వచ్చి చేశారు. టామ్ హ్యాంక్స్, మైకేల్ జె. ఫాక్స్, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ఒక్కో ఎపిసోడ్‌కి దర్శకత్వం కూడా వహించారు. ఎవరూ అడ్డు చెప్పని చోట, ఏం చూపించినా నడిచే చోట, వీళ్లు చెప్పిందేంటి? కామిక్స్ కోడ్ రాసినవాళ్లు చూస్తే మెచ్చుకునే కథలు!

ష్వార్జ్‌నెగర్ తీసిన 'ది స్విచ్' చూడండి. ఒక ముసలి కోటీశ్వరుడు తన డబ్బు సంగతి దాచి ఒక పడుచుపిల్లని ప్రేమిస్తాడు. ఆమెకి కుర్రవాడు కావాలి. డబ్బు కుమ్మరించి ఒక కుర్రాడితో ముందు మొహం, తర్వాత ఒళ్లు, తర్వాత కాళ్లు చేతులు మార్చుకుంటాడు. పూర్తిగా కుర్రాడయ్యేసరికి చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఆ పిల్లేమో ముసలి ఒళ్లు, కొత్త డబ్బు ఉన్న ఆ రెండోవాణ్ణి చేసుకుంటుంది. బాగుంది, నవ్వొస్తుంది. చక్కటి పిట్టకథ. కానీ ముసలాయన మొదటి ఆపరేషన్‌కి ఒప్పుకున్నప్పుడే ఆఖరి సీను మనకి తెలిసిపోతుంది.

ఇక ప్రతి కథకీ ముందూ వెనకా కనిపించే ఆ శవం, క్రిప్ట్ కీపర్. పాడుబడ్డ భవనం గేటు లోంచి కెమెరా దూరి, హాలు దాటి, పుస్తకాల బీరువా వెనక రహస్య మెట్ల మీదుగా నేలమాళిగలోకి దిగుతుంది. డానీ ఎల్ఫ్‌మన్ సంగీతం తోసుకుంటూ తీసుకెళ్తుంది. శవపేటిక మూత టక్కున తెరుచుకుని ఒక కుళ్లిన శవం కీచుగా నవ్వుతుంది. ఎన్నిసార్లు చూసినా ఈ ముక్క నాకు మొహం మొత్తలేదు. కామిక్‌లో ఇతను బతికున్న ముసలాడే. టీవీకి కెవిన్ యాగర్ బొమ్మ చేశాడు, జాన్ కాసిర్ గొంతిచ్చాడు. పెదాల్లేని నోరు, పీలికల్లా వేలాడే తోలు, ఐనా కళ్లల్లో ఎంత కులాసా!

ఇతన్ని మన బేతాళుడితో పోల్చాలని తెలుగువాళ్లకి వెంటనే తోస్తుంది. శవం కథ చెప్తుంది కదా. నాకు మాత్రం వీళ్లిద్దరూ పూర్తిగా ఎదురెదురు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. ముగ్గురిలో ఎవరి త్యాగం గొప్పది, తప్పు రాజుదా మంత్రిదా? తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుంది. కథ విన్నవాడి నెత్తిన ఒక బరువు పెట్టిపోతాడు. క్రిప్ట్ కీపర్ ఆ బరువు దించేస్తాడు. కథ ముగియగానే వచ్చి ఒక కుళ్లు జోకు వేసి, చూశారుగా పిల్లలూ, వెధవకి తగిన శాస్తి జరిగిందని పకపకా నవ్వుతాడు. మనమూ నవ్వి లేచిపోతాం.

ఇంత తిట్టి మళ్లీ మళ్లీ ఎందుకు చూశావని మా బావమరిది అడగనే అడిగాడు. మిగిలిన కొన్నిటి కోసం.

వాల్టర్ హిల్ తీసిన 'కటింగ్ కార్డ్స్' అందులో ఒకటి. ఇద్దరు జూదగాళ్లు. ఒకడి పొడ ఒకడికి గిట్టదు. ఎవరో ఒకరు ఊరు విడిచిపోవాలని పందెం. ముందు పిస్తోలు తలకి పెట్టుకునే ఆట ఆడతారు, తేలదు. తర్వాత పేకాట, ఓడిన ప్రతిసారీ ఒక వేలు. కత్తి, వేలు, కట్టు, మళ్లీ పేక పంచడం. చివరి సీను ఆసుపత్రిలో. ఇద్దరికీ కాళ్లూ లేవు, చేతులూ లేవు. గళ్ల బల్ల ముందు కూర్చుని ఇంకా ఆడుతూనే ఉంటారు, ఇంకా తిట్టుకుంటూనే ఉంటారు. ఇందులో దయ్యం లేదు, శపించినవాడు లేడు, శిక్ష వేసినవాడు లేడు. వాళ్లు ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. ఆపేద్దాం అని ఇద్దర్లో ఎవరికీ అనిపించలేదు, అంతే. నేను ఇలాంటి మనుషుల్ని ఎరుగుదును. పేక చేతిలో లేకపోయినా, గట్టు తగాదాలో ఎకరం పొలం ఖరీదు కోర్టు ఫీజులకి పోసిన అన్నదమ్ముల్ని ఎరుగుదును.

జెమెకిస్ తీసిన క్రిస్మస్ కథ సగం అటూ సగం ఇటూ ఉంటుంది. మొగుణ్ణి కుంపటి ఊచతో కొట్టి చంపిన ఆ భార్యకి తగిన శాస్తి జరగబోతోందని మొదట్నుంచీ తెలుసు. ఆవిడ ముందు పోలీసుల్ని పిలవలేకపోతుంది, పిలిస్తే శవం దొరుకుతుంది. ఆ ఇరకాటంతోనే చాలాసేపు నడుస్తుంది, మామూలు టెన్షన్ సినిమాలాగా. అన్ని తలుపులూ వేసుకుంటుంది. కానీ ఆ ఇంట్లో చిన్న కూతురు ఉంది. రాత్రి శాంటా వస్తాడని ఎదురుచూస్తోంది. వచ్చాడు కూడా. తలుపు తీసింది. హంతకుడి పక్కన సంబరంగా నిలబడి, శాంటాని నేనే లోపలికి రానిచ్చానని అమ్మకి చెప్తుంది. అక్కడ అమ్మ కేక పెడుతుంది, కథ ఆగుతుంది.

ఆ క్షణంలో నాకు ఆ తల్లి పాపం గుర్తు రాలేదు. ఆ పాప చెయ్యి ఎవడి పక్కన ఉందో అదే కనిపించింది. పిల్ల చేసిన తప్పేంటి? అందరు పిల్లలూ నమ్మేదే నమ్మింది. కీపర్ వచ్చి నవ్వి సర్దేస్తాడు గానీ, ఆ కేకకీ ఆ నవ్వుకీ మధ్య ఉన్న రెండు సెకన్లలో ఈ సిరీస్ నిజంగా హారర్ అయింది. ఇదే కథ 1972లో బ్రిటన్‌లో తీసిన సినిమాలోనూ ఉంది, జోన్ కాలిన్స్ నటించింది. అదీ బాగుంటుంది.

అన్నిటికన్నా పైన నేను పెట్టేది 'యెల్లో'. 1991లో మూడో సీజన్ చివర్లో వచ్చింది, దర్శకుడు మళ్లీ జెమెకిసే. మొదటి ప్రపంచ యుద్ధం, కందకాలు. జనరల్‌గా కిర్క్ డగ్లస్. అతని కొడుకు, పిరికివాడైన లెఫ్టినెంట్‌గా కిర్క్ సొంత కొడుకు ఎరిక్ డగ్లస్. కొడుకు తనని ఇంటికి పంపించెయ్యమని తండ్రిని వేడుకుంటాడు. తండ్రి వెంటనే పంపడు. శత్రువుల కాల్పుల మధ్య కొడుకు బిగుసుకుపోతాడు, సాటివాళ్లు చచ్చిపోతారు. సైనిక కోర్టు మరణశిక్ష వేస్తుంది.

ముందురోజు రాత్రి తండ్రి జైలు గదిలోకి వస్తాడు. తుపాకుల్లో గుండు లేని ఉత్తుత్తి తూటాలే ఉంటాయి, నువ్వు ధైర్యంగా నిలబడి చచ్చినట్టు నటించు, తర్వాత నిన్ను తప్పిస్తాను అంటాడు. కొడుకు నమ్ముతాడు. తెల్లారి మొదటిసారి వాడి వెన్ను నిటారుగా ఉంటుంది, మొహంలో బెదురు లేదు. చూస్తున్న సైనికులు ఇంత ధైర్యమా అనుకుంటారు. కెమెరా ఆ కుర్రాడి మొహం మీదే ఉంటుంది. తండ్రి కళ్లలోకి చూస్తూ ఉండగా అర్థమవుతుంది. అరిచే వ్యవధి కూడా ఉండదు. తండ్రి అబద్ధం చెప్పాడు. వంశంలో ఒకడు పిరికివాడిగా చచ్చాడన్న పేరు రాకుండా చూసుకున్నాడు.

ఇక్కడ ఎవరి పాపం పండింది? కొడుకు వల్ల మనుషులు పోయారు, నిజం. ఐనా వాడు నేను పనికిరానని ముందే చెప్పాడు. తండ్రి చేసింది ద్రోహమా, దయా? చివరి నిమిషం దాకా భయం లేకుండా పంపించాడు కదా అని ఒకసారి అనిపిస్తుంది. అలా అనిపించినందుకే ఒళ్లు జలదరిస్తుంది. 1957లో 'పాత్స్ ఆఫ్ గ్లోరీ'లో ఇదే కిర్క్ డగ్లస్, ఇదే యుద్ధంలో, పిరికితనం నేరం కింద కాల్చబోతున్న సైనికుల తరఫున కోర్టులో వాదించాడు. అది చూసినవాళ్లకి ఈ జనరల్ మొహం ఇంకా మింగుడుపడదు.

"ఒక్క దయ్యం లేదు, దీన్ని హారర్ అంటావా?" అన్నాడు మా బావమరిది. చూశాక కాసేపు మాట్లాడకుండా కూర్చుని మరీ అన్నాడు కాబట్టి నా పాయింటు గెలిచిందనే నా లెక్క. వాడి వాదనలోనూ బలం లేకపోలేదు: ఈ సిరీస్ భయపెడతానని మాటిచ్చిందెప్పుడు, ఇదో జాతర, రంగుల రాట్నం ఎక్కి భగవద్గీత లేదని గొడవ పెడితే ఎలా అంటాడు. ఒప్పుకుందును, ఆ జాతర తీసినవాళ్లకే 'యెల్లో' తీయడం చేతకాకపోయి ఉంటే. చేతనయింది. చేతనయ్యీ మిగతా చాలాసార్లు తేలిక దారి పట్టారు.

ఆ తేలిక దారి ఎక్కడికి తీసుకెళ్లిందో చూడండి. 1993లో ఇదే క్రిప్ట్ కీపర్‌తో ఏబీసీ ఛానెల్ శనివారం పొద్దుట పిల్లల కార్టూన్ మొదలుపెట్టింది. పిల్లలు చెడిపోతారని సెనేట్ విచారించిన బొమ్మే, నాలుగు దశాబ్దాలు తిరక్కుండానే, పిల్లలకి మంచి చెప్పే తాతయ్య అయ్యాడు. కొందరు దీన్ని కాలం మారిందనడానికి గుర్తుగా చెప్తారు. నాకలా అనిపించదు. మొదట్నుంచీ వాడు చెప్పింది పిల్లల నీతికథలే, నెత్తురు తుడిస్తే కార్టూన్‌కి సరిగ్గా సరిపోయాయి. 'యెల్లో'ని అలా తుడవండి చూద్దాం.

ఏడో సీజన్ ఇంగ్లండుకి తరలించి తీశారు, అప్పటికే ఊపు తగ్గింది. 2016లో దర్శకుడు మనోజ్ నైట్ శ్యామలన్ దీన్ని టీఎన్‌టీ ఛానెల్‌కి మళ్లీ తీస్తాడని ప్రకటించారు. హక్కులు ఎవరెవరి దగ్గర చిక్కుకున్నాయో తేలక మరుసటి ఏడాది అదీ ఆగిపోయింది.

చూడాలనుకుంటే మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా వెళ్లొద్దు, పదోదానికే అంతా అర్థమైపోయి విసుగొస్తుంది. 'కటింగ్ కార్డ్స్' చూసి, క్రిస్మస్ కథ చూసి, ఒక రోజు ఆగి 'యెల్లో' పెట్టుకోండి. తుపాకులు పేలాక ఆపేయండి. కీపర్ జోకు వేయడానికి వస్తాడు, రానివ్వకండి.